ఖమ్మం - భద్రాచలం అటవీ ప్రాంతంలో తుపాకుల నియంత్రణ

తుపాకుల నియంత్రణ అనగా తుపాకులు, మందుగుండు సామగ్రి ఎవరి వద్ద ఉండవచ్చునో, ఎవరి వద్ద ఉండరాదో చట్టం ద్వారా నిర్ణయించి, దానిని అమలు చేయడం. భారతదేశంలో దీనికి ఆధారం 1959 నాటి ఆయుధ చట్టం. ఈ చట్టాన్ని చేసినది పార్లమెంటు. అయితే లైసెన్సు ఇచ్చేది, తనిఖీ చేసేది, రద్దు చేసేది చాలావరకు రాష్ట్ర ప్రభుత్వ అధికారులే. అందువలన హింసను నివారించడంలో రాష్ట్రం పాత్ర చట్టం రాయడంలో కంటే దానిని అమలు చేయడంలో ఎక్కువగా కనిపిస్తుంది. తెలంగాణలోని దమ్మపేట, దాని చుట్టుపక్కల ఉన్న ఖమ్మం - భద్రాచలం అటవీ ప్రాంతం ఈ విషయాన్ని అర్థం చేసుకొనుటకు తగిన ఉదాహరణ.

ప్రాంతం

దమ్మపేట, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు ఇది ఖమ్మం జిల్లాలో ఉండేది. ఇది షెడ్యూల్డు తెగలకు కేటాయించబడిన అశ్వారావుపేట శాసనసభ నియోజకవర్గంలో ఉన్నది. పామాయిల్ తోటలకు ఈ ప్రాంతం పేరు పొందినది. అశ్వారావుపేట దాటిన తరువాత ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మొదలవుతుంది. ఉత్తరాన గోదావరి దాటి భద్రాచలం, చర్ల మీదుగా వెళితే ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వస్తుంది. కోయలు ఈ ప్రాంతంలోని ప్రధానమైన గిరిజన తెగ. పోడు వ్యవసాయం, వేట, అటవీ ఉత్పత్తుల సేకరణ ఇక్కడి జీవనంలో చాలాకాలంగా భాగమై ఉన్నవి.

ఈ విధంగా మూడు రాష్ట్రాల సరిహద్దులు దగ్గరగా ఉండుట వలన, ఒక రాష్ట్రంలో తీసుకున్న నిర్ణయం ప్రభావం పక్క రాష్ట్రంలోని గ్రామాలపై కూడా పడుతుంది.

చరిత్ర

బ్రిటిష్ పాలనలో 1878లో భారత ఆయుధ చట్టం వచ్చినది. లార్డ్ లిట్టన్ వైస్రాయిగా ఉన్న కాలంలో చేసిన ఈ చట్టం ప్రకారం భారతీయులు తుపాకి ఉంచుకొనుటకు లైసెన్సు పొందవలసి ఉండేది. ఐరోపా వారికి మాత్రం మినహాయింపు ఉండేది. ఈ వివక్షను నాటి జాతీయోద్యమ నాయకులు తీవ్రంగా విమర్శించారు.

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం వీరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా మూడు రోజులు దాడి చేసి 26 తుపాకులను, సుమారు 2,500 తూటాలను తీసుకొనిపోయారు. విల్లంబులు మాత్రమే ఉన్నవారికి తుపాకులు దొరికే చోటు పోలీసు స్టేషనే అయినది. ఆయుధాల నిల్వలకు కాపలా ఎంత ముఖ్యమో ప్రభుత్వానికి తెలియజేసిన సంఘటనలలో ఇది ఒకటి.

నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యంలో 1946 నుంచి 1951 వరకు తెలంగాణ సాయుధ పోరాటం సాగినది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించిన తరువాత పోరాట దళాలు పాల్వంచ, ఇల్లెందు పరిసరాలలోని గోదావరి అడవులలోకి చేరాయి. 1951లో పోరాటాన్ని విరమించారు.

స్వాతంత్ర్యానంతరం 1878 చట్టం స్థానంలో 1959 ఆయుధ చట్టం వచ్చినది. ఇది 1962 అక్టోబరు 1 నుంచి అమలులో ఉన్నది. 1962 నాటి ఆయుధ నియమావళి స్థానంలో 2016లో కొత్త నియమావళి వచ్చినది. 2019లో చట్టాన్ని గణనీయంగా సవరించారు.

కేంద్రం, రాష్ట్రం అధికారాలు

భారత రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో ఆయుధాలు, తుపాకులు, మందుగుండు, పేలుడు పదార్థాలు కేంద్ర జాబితాలోని 5వ అంశంగా ఉన్నవి. కనుక తుపాకి లైసెన్సు విషయంలో ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క చట్టం చేసుకొనుటకు వీలు లేదు. శాంతిభద్రతలు, పోలీసు వ్యవస్థ మాత్రం రాష్ట్ర జాబితాలోని మొదటి రెండు అంశాలు. అనగా నిబంధన కేంద్రానిది, దానిని అమలు చేసే యంత్రాంగం రాష్ట్రానిది.

శాంతిభద్రతల అధికారంతో రాష్ట్రాలు కొన్ని ప్రత్యేక చట్టాలు కూడా చేశాయి. 1948 నాటి కల్లోలాల అణచివేత చట్టం మొదట మద్రాసు రాష్ట్రంలో చేసినది. తరువాత ఇది ఆంధ్రప్రదేశ్ చట్టంగా కొనసాగినది. ఒక ప్రాంతాన్ని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించినపుడు అక్కడ నిషేధాజ్ఞలను ఉల్లంఘించి ఆయుధాలతో తిరిగేవారిపై హెచ్చరిక తరువాత కాల్పులు జరిపే అధికారాన్ని ఇది సబ్ ఇన్‌స్పెక్టరు, ఆపై స్థాయి పోలీసు అధికారులకు ఇస్తుంది. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలలో ఈ చట్టాన్ని ప్రయోగించారు. 1992లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రతా చట్టం సంస్థలను నిషేధించుటకు ఉద్దేశించినది.

రాజ్యాంగం ఐదవ షెడ్యూలు ప్రకారం పార్లమెంటు చేసిన ఒక చట్టం షెడ్యూల్డు ప్రాంతానికి వర్తించదని గానీ, మార్పులతో వర్తిస్తుందని గానీ ప్రకటించే అధికారం రాష్ట్ర గవర్నరుకు కలదు.

లైసెన్సు విధానం

జిల్లాలలో లైసెన్సు ఇచ్చే అధికారి జిల్లా మేజిస్ట్రేటు, అనగా కలెక్టరు. హైదరాబాదు వంటి నగర కమిషనరేట్లలో ఈ అధికారం పోలీసు కమిషనరుది. దరఖాస్తు అందిన తరువాత సమీప పోలీసు స్టేషను అధికారి నుంచి నివేదిక తెప్పించుకొనవలెను. ఈ నివేదిక ఎంత శ్రద్ధగా తయారైతే చట్టం అంత బాగా పనిచేస్తుంది. దరఖాస్తుదారునికి ఊరిలో ఎవరితో తగాదా ఉన్నదో, మద్యం సేవించి గొడవ చేసే అలవాటు ఉన్నదో ఢిల్లీలో ఉన్నవారికి తెలిసే అవకాశం లేదు. స్థానిక పోలీసు స్టేషనుకు తెలుస్తుంది.

ముఖ్యమైన నిబంధనలు ఈ క్రింది విధంగా ఉన్నవి:

- దరఖాస్తుదారునికి 21 సంవత్సరాలు నిండి ఉండవలెను.
- హింసాత్మక నేరంలో శిక్ష పడినవారు శిక్షాకాలం ముగిసిన తరువాత 5 సంవత్సరాల వరకు తుపాకి కలిగి ఉండరాదు.
- శాంతికి భంగం కలిగించబోమని పూచీకత్తు రాసి ఇవ్వవలసిన వారు, అనగా వాడుకలో బైండోవర్ అయినవారు, ఆ గడువు ముగిసేవరకు అనర్హులు.
- శారీరక, మానసిక ఆరోగ్యం గురించి వైద్యుని ధ్రువపత్రం సమర్పించవలెను. తుపాకిని జాగ్రత్తగా వాడుటలో శిక్షణ కూడా పొందవలెను.
- తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదు. నిరాకరించినపుడు కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయవలెను.
- ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్య 2019 సవరణకు పూర్వం 3. ప్రస్తుతం 2.
- లైసెన్సు కాలపరిమితి 2019 వరకు 3 సంవత్సరాలు. ప్రస్తుతం 5 సంవత్సరాలు.

ప్రజాశాంతికి, భద్రతకు అవసరమని భావిస్తే లైసెన్సును తాత్కాలికంగా నిలిపివేయుటకు గానీ రద్దు చేయుటకు గానీ కలెక్టరుకు అధికారం కలదు. దీనిపై అప్పీలు చేసుకొనవచ్చును. ఆటోమేటిక్ ఆయుధాల వంటి నిషిద్ధ శ్రేణి తుపాకులకు అనుమతి ఇచ్చే అధికారం కేంద్ర ప్రభుత్వానికి మాత్రమే ఉన్నది.

లైసెన్సు ఏ ప్రాంతంలో చెల్లుతుందో దానిపై రాసి ఉంటుంది. తెలంగాణ వరకే చెల్లే లైసెన్సు గల దమ్మపేట రైతు తుపాకితో అశ్వారావుపేట దాటి జీలుగుమిల్లి వైపు వెళితే చట్టాన్ని ఉల్లంఘించినట్లే అవుతుంది.

శిక్షలు

2019 సవరణ తరువాత లైసెన్సు లేకుండా సాధారణ తుపాకి కలిగి ఉన్నవారికి 2 నుంచి 5 సంవత్సరాల జైలుశిక్ష విధించవచ్చును. లైసెన్సు లేకుండా తుపాకులు తయారు చేయుట, అమ్ముట వంటి నేరాలకు 7 సంవత్సరాల నుంచి యావజ్జీవ కారాగారం వరకు శిక్ష ఉన్నది. పెళ్ళిళ్ళు, ఊరేగింపులలో ఆనందం కోసం నిర్లక్ష్యంగా కాల్పులు జరిపి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చుటను కూడా 2019లో ప్రత్యేక నేరంగా చేర్చారు. దీనికి 2 సంవత్సరాల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. లైసెన్సు లేని తుపాకి కేసులో విచారణ ప్రారంభించుటకు జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి అవసరం.

లైసెన్సు ఉన్నంత మాత్రాన ప్రమాదం తొలగిపోదు. 2020 డిసెంబరులో ఆదిలాబాదు పట్టణంలో పిల్లల క్రికెట్ ఆట వద్ద మొదలైన గొడవ రెండు వర్గాల ఘర్షణగా మారినది. అందులో ఒక స్థానిక నాయకుడు తన లైసెన్సు రివాల్వరుతో కాల్పులు జరుపగా గాయపడిన వారిలో ఒకరు తరువాత మరణించారు. 2022 జనవరిలో న్యాయస్థానం నిందితునికి యావజ్జీవ శిక్ష విధించినది. శిక్ష నేరం జరిగిన తరువాత వస్తుంది. లైసెన్సు సమీక్ష నేరానికి ముందు జరుగవలసిన పని.

అడవి, పంటలు, నాటు తుపాకి

ఏజెన్సీ గ్రామాలలో తుపాకి అంటే సాధారణంగా నాటు తుపాకి. గొట్టం ముందు భాగం నుంచి మందు, ఇనుప గుళ్ళు కూరి పేల్చే ఈ తుపాకిని భర్మార్ అని కూడా అంటారు. అడవిపందుల నుంచి పంటను కాపాడుకొనుట, వేట దీని ఉపయోగాలు. ఆయుధ చట్టం 13వ సెక్షను నిజమైన పంట రక్షణ కోసం ఇటువంటి తుపాకికి లైసెన్సు ఇచ్చుటను గుర్తించినది. కావున నాటు తుపాకి స్వతహాగా నిషిద్ధ వస్తువు కాదు. లైసెన్సు లేకుండా దానిని ఉంచుకొనుట, తయారు చేయుట నేరం.

పంట రక్షణకు లైసెన్సు ఉన్నవారికి కూడా వేటాడే హక్కు రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించినది. మనుషులకు, పంటలకు ప్రమాదకరంగా మారిన జంతువులను చంపుటకు రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని అనుమతి లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి అనుమతి అవసరం. అభయారణ్యం చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కొత్తగా తుపాకి లైసెన్సు ఇవ్వవలెనన్నా ఆయన ముందస్తు సమ్మతి ఉండవలెను. పాల్వంచ సమీపంలోని కిన్నెరసాని అభయారణ్యం చుట్టూ ఉన్న గ్రామాలకు ఈ నిబంధన వర్తిస్తుంది. ఈ విధంగా ఒకే తుపాకి పోలీసు, రెవెన్యూ, అటవీ శాఖల పరిధిలోకి వస్తుంది.

తుపాకి దొరకనిచోట పొలాల చుట్టూ విద్యుత్తు తీగలు అమర్చే పద్ధతి తెలుగు రాష్ట్రాలలో వ్యాపించినది. వీటి వలన జంతువులతో పాటు రైతులు, బాటసారులు, గస్తీ తిరిగే సిబ్బంది కూడా ప్రాణాలు కోల్పోతున్నారు. పంట నష్టానికి పరిహారం అందకపోతే ఒక ప్రమాదకరమైన సాధనం స్థానంలో మరొకటి వస్తుందని దీనివలన తెలుస్తుంది.

విల్లంబులు, గొడ్డళ్ళు

ఆయుధ చట్టం నిర్వచనంలో పదునైన మారణాయుధాలు కూడా ఉన్నవి. కేవలం ఇంటి పనికి, వ్యవసాయానికి తయారైన వస్తువులు మాత్రం దాని పరిధిలోకి రావు. గొడ్డలి, కొడవలి లేని గిరిజన కుటుంబం ఉండదు కనుక ఈ మినహాయింపు అవసరమైనదే. అయితే ఘర్షణ జరిగినపుడు ఇవే ఆయుధాలుగా మారవచ్చును.

నక్సలైటు ఉద్యమం, 2004 చర్చలు

1992లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రజా భద్రతా చట్టం క్రింద పీపుల్స్‌వార్ సంస్థను నిషేధించినది. 2004లో నిషేధం గడువును పొడిగించకుండా వదిలి, కాల్పుల విరమణ పాటించి, అక్టోబరులో హైదరాబాదులో చర్చలు జరిపినది. విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్.శంకరన్ నాయకత్వంలోని పౌరస్పందన వేదిక ఈ చర్చలకు చాలాకాలం కృషి చేసినది. చర్చలలో ప్రధానంగా అడ్డుపడిన విషయాలలో ఆయుధాలు ఒకటి. దళ సభ్యులు ఆయుధాలతో గ్రామాలలో తిరుగరాదని ప్రభుత్వం కోరగా, ఆయుధాలను విడిచిపెట్టుటకు పార్టీ అంగీకరించలేదు. 2005 జనవరిలో చర్చల ప్రక్రియ ముగిసినది. అదే సంవత్సరం ఆగస్టు 15న శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డి హత్య జరిగిన తరువాత ఆగస్టు 17న నిషేధాన్ని తిరిగి విధించారు.

ఇదే సమయంలో పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో మరొక మార్గం అనుసరించారు. 2005లో మొదలైన సల్వాజుడుం కాలంలో అక్కడి ప్రభుత్వం గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి తుపాకులు ఇచ్చినది. 2011 జూలై 5న నందినీ సుందర్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఈ నియామకాలను తప్పుపట్టి, ఇచ్చిన తుపాకులన్నిటినీ వెనుకకు తీసుకొనవలెనని ఆదేశించినది. అప్పటికే ఆ హింస వలన వేలాది గుత్తికోయలు ఇళ్ళు వదిలి గోదావరి వైపు వలసవచ్చి ఖమ్మం జిల్లా అడవులలో గుడిసెలు వేసుకున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా పొందుటకు 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి సాగులో ఉండవలెను. తరువాత వచ్చినవారికి ఆ హక్కు లేదు. ఒక రాష్ట్రంలో పంచిన తుపాకుల ఫలితం మరొక రాష్ట్రంలో భూమి తగాదాగా మారినది.

అటవీ సిబ్బందికి ఆయుధాలు

2022 నవంబరు 22న చండ్రుగొండ రేంజి అధికారి చలమల శ్రీనివాసరావు బెండాలపాడు సమీపంలోని ప్లాంటేషను వద్ద గుత్తికోయల దాడిలో మరణించారు. దాడికి వాడినవి కొడవళ్ళు. 2023 ఆగస్టులో కొత్తగూడెం న్యాయస్థానం ఇద్దరు నిందితులకు యావజ్జీవ శిక్ష విధించినది. 2019 జూన్ 30న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా సార్సాల వద్ద మొక్కలు నాటించుటకు వెళ్ళిన మహిళా రేంజి అధికారిపై కర్రలతో దాడి జరిగినది.

ఈ సంఘటనల తరువాత అటవీ సిబ్బందికి తుపాకులు ఇవ్వవలెనని ఉద్యోగ సంఘాలు కోరాయి. పూర్వం అటవీ శాఖ వద్ద తుపాకులు ఉండేవి. నక్సలైట్లు వాటిని ఎత్తుకొనిపోతున్నందున పోలీసులకు అప్పగించారు. అస్సాం రాష్ట్రం 2010లో, విధి నిర్వహణలో కాల్పులు జరిపిన అటవీ సిబ్బందికి చట్టపరమైన రక్షణ కల్పించినది. 2021లో సుప్రీంకోర్టు కూడా దేశంలోని అటవీ సిబ్బంది రక్షణకు ఆయుధాల అవసరాన్ని ప్రస్తావించినది.

రెండవ వాదనకు శేషాచలం ఉదాహరణ. 2013 డిసెంబరులో ఎర్రచందనం దొంగలు ఇద్దరు అటవీ అధికారులను చంపారు. తరువాత ఎర్రచందనం అక్రమ రవాణా నివారణకు ప్రత్యేక కార్యదళం ఏర్పడినది. 2015 ఏప్రిల్ 7న ఈ దళం జరిపిన కాల్పులలో తమిళనాడుకు చెందిన 20 మంది కూలీలు మరణించారు. ఈ సంఘటనపై హక్కుల సంఘాలు తీవ్రమైన అభ్యంతరాలు తెలిపాయి. తుపాకి ఇచ్చినపుడు శిక్షణ, కాల్పుల నియమాలు, బాధ్యత నిర్ణయించే విచారణ కూడా దానితోపాటు ఉండవలెనన్నది ఈ వాదన సారాంశం.

ఎన్నికల సమయంలో నియంత్రణ

ఎన్నికల షెడ్యూలు వెలువడిన తరువాత జిల్లాలో లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషనులో డిపాజిట్ చేయించే విషయాన్ని జిల్లా స్థాయి కమిటీ పరిశీలిస్తుంది. బ్యాంకుల కాపలాదారులు వంటివారికి మినహాయింపు ఇస్తారు. ఫలితాలు వెలువడిన తరువాత తుపాకులను తిరిగి ఇచ్చివేస్తారు. పాత నేరస్తులను తహసీల్దారు ఎదుట బైండోవర్ చేయుట కూడా ఇదే సమయంలో జరుగుతుంది. ఘర్షణ జరిగే అవకాశం ఉన్న రోజులలో తుపాకిని మనిషికి దూరంగా ఉంచే సరళమైన పద్ధతి ఇది.

అమెరికా రాష్ట్రాలతో పోలిక

అమెరికాలో కేంద్ర చట్టం కనీస నిబంధనలు మాత్రమే చెబుతుంది. మిగిలినది రాష్ట్రాలు నిర్ణయించుకుంటాయి. కాన్సాస్ రాష్ట్రంలో 2015 నుంచి అనుమతిపత్రం లేకుండానే తుపాకిని దాచి వెంట తీసుకొనిపోవచ్చును. 2017 ఫిబ్రవరి 22న ఆ రాష్ట్రంలోని ఒలేథ్‌లో ఒక తెలుగు ఇంజనీరు జాతివిద్వేష కాల్పులలో మరణించాడు. ఇలినాయ్ రాష్ట్రంలో తుపాకి కొనుటకు 1968 నుంచి ప్రత్యేక గుర్తింపు కార్డు అవసరం. అయినప్పటికీ 2024 నవంబరులో ఖమ్మం జిల్లాకు చెందిన ఒక విద్యార్థి ఆ రాష్ట్రంలోని చికాగో ప్రాంతంలో కాల్పులకు బలి అయినాడు. చికాగోలో నేరాలకు వాడిన తుపాకులలో చాలా భాగం, నిబంధనలు సడలంగా ఉన్న ఇండియానా వంటి పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చినవే.

ఒక రాష్ట్రం కఠినంగా ఉండి పక్క రాష్ట్రం ఉదారంగా ఉంటే తుపాకులు సరిహద్దు దాటుతాయి. భారతదేశంలో చట్టం ఒక్కటే కనుక ఈ లోపం చట్టంలో లేదు. అమలులో తేడాలు ఉంటే మాత్రం అదే ఫలితం ఇక్కడ కూడా రావచ్చును.

పరిమితులు

తుపాకుల నియంత్రణ వలన ఘర్షణ ప్రాణాంతకం కాకుండా కొంతవరకు ఆపవచ్చును. ఘర్షణకు కారణాన్ని అది తొలగించలేదు. బెండాలపాడులో తుపాకి వాడలేదు. అక్కడి వివాదం పోడు భూమికి, ప్లాంటేషనుకు సంబంధించినది. 2023 జూన్ 30 నుంచి తెలంగాణ ప్రభుత్వం అర్హులైన గిరిజనులకు పోడు పట్టాలు పంపిణీ చేసినది. 2025లో మావోయిస్టు అగ్రనాయకుడు మల్లోజుల వేణుగోపాలరావుతో సహా పలువురు ఆయుధాలతో లొంగిపోయారు. అడవిలో తుపాకుల సంఖ్య తగ్గుతున్నకొద్దీ, మిగిలిన భూమి, పంట నష్టం, వలస సమస్యల పరిష్కారం రెవెన్యూ, అటవీ శాఖల పనిగా ఉంటుంది. కలెక్టరు కార్యాలయంలో తుపాకి లైసెన్సు దస్త్రం, పోడు పట్టా దస్త్రం రెండూ ఒకే అధికారి వద్దకు వస్తాయి. హింస నివారణలో ఈ రెండింటికీ సమానమైన ప్రాధాన్యం ఉన్నది.